రైలుబడిలో మనం చూడని అమ్మ

‘రైలుబడి’ చదివినవాళ్ళని ఎవర్ని పలకరించినా రెండు మాటలు తప్పకుండా అంటారు. "ఆ హెడ్మాస్టరు ఎంత మంచివాడండీ!" అనేది మొదటిది. "అలాంటి బళ్ళు మనకెక్కడున్నాయి లెండి!" అనేది రెండోది. మొదటి మాటకి కళ్ళు చెమరుస్తాయి. రెండో మాటకి ఆ చెమ్మ కాస్తా ఆరిపోతుంది. పుస్తకం బీరువాలోకి పోతుంది. పక్కగదిలో ఎక్కాలు మానేసి పెన్సిలు చెక్కుకుంటూ కూచున్న పిల్లాడి వీపు మీద ఎప్పట్లాగే ఓ చరుపు పడుతుంది.

ఇందులో పుస్తకం తప్పేం లేదు. మనం దాన్ని బడి గురించిన పుస్తకంగా చదివి ఊరుకున్నాం. బడి గురించిన పుస్తకమైతే మన పూచీ ఏమీ ఉండదు గదా! మేష్టర్లు మారాలి, ప్రభుత్వం మారాలి, సిలబస్ మారాలి. మనం మాత్రం నిట్టూరిస్తే చాలు. కానీ రోజూ ఆ బడికి వెళ్ళి ఇంటికి తిరిగొచ్చే పిల్లకి, ఇంటి దగ్గర ఒక అమ్మ ఉంది. ఆవిడ గురించి మనలో ఎవరూ మాట్లాడుకోగా వినలేదు. ఆవిణ్ణి కాస్త దగ్గరికెళ్ళి చూద్దామనే ఈ నాలుగు మాటలూ.

పుస్తకం చదవని వాళ్ళ కోసం కొంచెం పరిచయం. రాసినావిడ పేరు తెత్సుకో కురోయానగి. 1933లో పుట్టింది. జపానులో టీవీ చూసేవాళ్ళలో ఆవిణ్ణి ఎరగనివాళ్ళుండరు. 1984లో యూనిసెఫ్ వారి సద్భావన రాయబారి కూడా అయింది. చిన్నప్పుడు తను చదివిన ‘తొమోయే’ అనే బడి కథని 1979, 1980 సంవత్సరాల్లో ఒక ఆడవాళ్ళ పత్రికలో వరసగా రాసి, 1981లో పుస్తకం చేసింది. అంటే ప్రపంచమంతా తిరిగిన ఈ పుస్తకం మొదట పుట్టింది ఇలాంటి పేజీల్లోనే, మనలాంటి వాళ్ళ కోసమే. చిన్నప్పుడు తెత్సుకో అనే తన పేరుని ‘తొత్తో’ అని పలికేదట. ‘చాన్’ అనేది మనం ముద్దుగా ‘చిట్టి’, ‘బుజ్జి’ అన్నట్టు పేరు చివర తగిలించే పిలుపు. అదీ తన పేరులో భాగమే అనుకుందా పిల్ల! అంచేత మనకి తొత్తోచాన్ అయింది. హెడ్మాస్టరు పేరు సోసాకు కొబయాషి. 1937లో టోక్యోలో పాత రైలుపెట్టెలని తరగతి గదులు చేసి తొమోయే బడి పెట్టాడు. 1945లో యుద్ధం బాంబులకి అది కాలి బూడిదయింది.

ఇహ కథలోకి వద్దాం. తొత్తోచాన్ తొమోయేలో చేరడానికి ముందు వేరే బళ్ళో ఒకటో తరగతిలో ఉండేది. ఆ టీచరు ఓ రోజు తల్లిని పిలిపించి చిట్టా విప్పింది. మీ అమ్మాయి బల్ల మూత రోజుకి వందసార్లు తీసి వేస్తుంది. పోనీ అని అడ్డుపెడితే కిటికీ దగ్గర నించుంటుంది. వీధిలో వాయిద్యాలవాళ్ళు వెడుతుంటే కేకేసి పిలుస్తుంది. చూరు కింద గూడు కట్టుకుంటున్న పక్షితో ఏం చేస్తున్నావని కబుర్లాడుతుంది. అమ్మా, ఇహ నావల్ల కాదు, వేరే బడి చూసుకోండి. అదీ సంగతి.

ఒక్క క్షణం పుస్తకం మూసి, ఆ తల్లి చోట మనం నించుందాం. మన పిల్లని బళ్ళోంచి పంపేశారు. దారి పొడుగునా పిల్లకి వడ్డన. ఇంటికి రాగానే అత్తగారికి నివేదిక. సాయంత్రం ఆయనగారు రాగానే ఇంకో విడత. ఆదివారం ఫోనులో అక్కయ్యకి, చెల్లాయికి. పక్కింటి పిన్నిగారు చక్కెర కోసం వచ్చి నించుంటే ఆవిడకీను. ప్రతిసారీ పిల్ల అక్కడే ఉంటుంది, తలొంచుకుని. పిల్ల సిగ్గుపడితే బాగుపడుతుందని మన నమ్మకం.

తొత్తోచాన్ తల్లి ఏం చేసింది? ఇంకో బడికి వెళదామా, అని మాత్రం అడిగింది. పాత బడివాళ్ళు పొమ్మన్నారన్న మాట ఆ పిల్లకి ఇరవయ్యేళ్ళు దాటేదాకా చెప్పలేదు. పుస్తకం చివర రచయిత్రి చెప్పుకుంటుంది. అమ్మ ఆనాడే ఆ మాట చెప్పి, ఇక్కడా పంపేస్తే నీ గతేమిటని భయపెట్టి ఉంటే, తొమోయే గేటు దగ్గర తను ఎంత బెదురుగా నించునేదో అని. నిజానికి అక్కడ నించున్న తొత్తోచాన్ ఆ గేటు స్తంభాలకి ఆకులు మొలిచి ఉండడం చూసి సంబరపడింది. పక్షులతో మాట్లాడే ఆ కళ్ళు అలాగే మిగిలాయి.

కొబయాషిగారు మొదటి రోజున తల్లిని బయటికి పంపి, ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు విన్నాడు. ఈ ఘట్టం మనందరికీ గుర్తే. కానీ ఆ గదిలో కూచుని నాలుగు గంటలు నిర్భయంగా మాట్లాడగలిగే పిల్లని ఆయన దగ్గరికి తెచ్చి అప్పగించిందెవరు? నోరు నొక్కేసిన పిల్లనైతే ఆయన ఎంతసేపు వినడానికి సిద్ధపడ్డా ఏం లాభం? బడి గొప్పతనంలో సగం వాటా ఇంటిది. పుస్తకం ఆ మాట పైకి అనదు. మనమే పట్టుకోవాలి.

రెండో ఘట్టం, చిరిగిన బట్టలది. తొత్తోచాన్‌కి కంచెల కిందనుంచి దూరడం ఓ సరదా. ఒకసారి గౌను వెనకాల చీలికలైంది. అమ్మ బాధపడుతుందని ఆ పిల్ల ఓ కథ అల్లింది. దారిలో వేరే పిల్లలు తన వీపు మీదికి కత్తులు విసిరారని! కత్తులు విసిరితే వీపు మీద గాటైనా పడకుండా గౌను మాత్రం చిరుగుతుందా? తల్లికి నిమిషంలో తెలిసిపోయింది. కానీ నిలదియ్యలేదు. ఎప్పుడూ బట్టల గొడవే పట్టని పిల్ల ఇవాళ గౌను చిరిగినందుకు ఏదో చెప్పుకోవాలనుకుందే, అని లోపల ఆశ్చర్యపడింది. తరవాత నెమ్మదిగా, గౌను సరే, లోపలి లాగు రోజూ ఎలా చిరుగుతోందని అడిగింది. కంచె కింద ఎలా దూరుతుందో, ఎక్కడ పట్టుకుంటుందో పిల్ల విపులంగా చెప్పేసింది. నిజం దానంతటదే బయటికొచ్చింది, ఏ బెత్తమూ లేకుండా!

అబద్ధమాడితే పళ్ళు రాలగొడతామనే ఇళ్ళలో పెరిగినవాళ్ళం మనం. అంచేత ఈ ఘట్టం మింగుడు పడదు. పిల్లల మనస్తత్వం చదివినవాళ్ళు చెప్పేది వింటే కాస్త నెమ్మదిస్తుంది. అవతలివాడి మనసులో ఉన్నది వేరు, నా మనసులో ఉన్నది వేరు అని పిల్లలకి తెలిసేది మూడు నాలుగేళ్ళ వయసులో. ఆ తెలివి వస్తేగాని అబద్ధం ఆడడం సాధ్యం కాదు. అంటే మొదటి అబద్ధాలు బుద్ధి ఎదుగుతోందనడానికి గుర్తులే గాని, దొంగతనానికి పునాదిరాళ్ళు కావు. అబద్ధం మంచిదని ఎవరూ అనడం లేదు. నిజం చెబితే దెబ్బలు తప్పవని తేలినచోట పిల్లలు మానేది అబద్ధం కాదు, దొరికిపోవడం. ఆ విద్యలో ఆరితేరతారు.

స్విట్జర్లాండుకి చెందిన జాఁ పియాజే అనే శాస్త్రజ్ఞుడు 1932లో పిల్లల నీతి గురించి ఓ పుస్తకం రాశాడు. అందులో పిల్లలకి రెండు కథలు చెప్పి తీర్పు అడుగుతాడు. ఒక పిల్లాడు తలుపు తీశాడు. వెనకాల కప్పులున్నాయని తెలీదు. 15 కప్పులు పగిలాయి. ఇంకో పిల్లాడు అమ్మ లేనప్పుడు జాము దొంగిలించబోయాడు. ఒక్క కప్పు పగిలింది. ఎవరిది ఎక్కువ తప్పు? చిన్నపిల్లలు చాలామంది 15 కప్పులవాడిదే అంటారు. వాళ్ళకి పగిలినవాటి లెక్కే కనిపిస్తుంది, మనసులోని ఉద్దేశం కనిపించదు. పెద్దయ్యేకొద్దీ తీర్పు మారుతుంది.

మారుతుందా? మన వంటిళ్ళలోకి చూడండి. స్టీలు గ్లాసు చెయ్యి జారితే "చూసుకోవద్దూ!" అనే మాటతో సరి. పుట్టింటివాళ్ళిచ్చిన పింగాణీ సెట్టులో కప్పు జారితే దెబ్బ. రెండుసార్లూ జారింది అదే చెయ్యి, అదే అజాగ్రత్త. దెబ్బ తప్పుని బట్టి పడలేదు, ధరని బట్టి పడింది. ఆ లెక్కన మనకింకా ఆరేళ్ళు నిండలేదన్న మాట!

ఈ కొలబద్దతోనే మూడో ఘట్టం చూడాలి. ఇది బడిలో జరిగింది. తొత్తోచాన్‌కి ప్రాణమైన చేతిపర్సు పాయిఖానా గుంటలో పడిపోయింది. ఏడవలేదు. పొడుగు కర్ర గరిటె ఒకటి పట్టుకొచ్చి, బయటి మూత తీసి, లోపలున్నదంతా తోడి పోస్తోంది. గుట్ట పెరుగుతోంది. అటుగా వెళుతున్న హెడ్మాస్టరు ఏం చేస్తున్నావని అడిగి, సంగతి విని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చినప్పుడు, అయిపోయాక అదంతా తిరిగి లోపల వేసేస్తావు కదూ అని మాత్రం అడిగి, మళ్ళీ వెళ్ళిపోయాడు. పర్సు దొరకలేదు. పిల్ల మాత్రం గుట్టంతా తిరిగి గుంటలో పోసింది. తడి నేలలో ఇంకిందని ఆ తడిమట్టి కూడా కాస్త ఎత్తి వేసింది!

దీన్ని గారాబం అనేవాళ్ళుంటే వాళ్ళు గుట్ట సంగతి మర్చిపోయారన్న మాట. గారాబం చేసే మనిషైతే ఆయాని పిలిచి శుభ్రం చేయించి, పిల్లకి కొత్త పర్సు కొనిపెడతాడు. కొట్టే మనిషైతే చెవి పట్టుకుని లాక్కెళతాడు. ఈ రెండు పద్ధతుల్లోనూ ఆ గుట్టకీ పిల్లకీ సంబంధం తెగిపోతుంది. కొబయాషి ఆ సంబంధాన్ని తెగనివ్వలేదు. నువ్వు తోడావు, నువ్వే పూడ్చాలి. కోపం లేదు, మినహాయింపూ లేదు. వియన్నాలో పుట్టి అమెరికా వెళ్ళిన డాక్టరు రుడాల్ఫ్ డ్రైకర్స్ తల్లిదండ్రులకి జీవితమంతా చెప్పింది ఈ సంగతే. శిక్ష వేరు, చేసిన పనికి సహజంగా వచ్చే పర్యవసానం వేరు అంటాడాయన. అల్లరి చేసే పిల్ల లోపల ధైర్యం చెడిన పిల్ల అని కూడా. ఆయన బాటలోనే జేన్ నెల్సన్ అనే ఆవిడ ‘పాజిటివ్ డిసిప్లిన్’ అని ఓ పుస్తకం రాసింది. అదీ 1981లోనే వచ్చింది. అందులోని సారం ఒక్క వాక్యంలో చెప్పాలంటే: దయా, గట్టితనమూ రెండూ ఒకేసారి. మనం పొద్దున్న దయతోనూ, ఓపిక చచ్చాక సాయంత్రం గట్టిగానూ ఉంటాం. రెండూ ఉన్నాయి గదా అంటాం. ఒకేసారి అన్నచోటే ఉంది కిటుకంతా.

తొమోయేలో మధ్యాహ్నం కారేజీల సంగతి కూడా ఇలాంటిదే. సముద్రంలోంచి ఓ వస్తువూ, కొండల మీదనుంచి ఓ వస్తువూ ఉండాలన్నది అక్కడ నియమం. అంటే చేపలాంటిదొకటి, కూరలాంటిదొకటి. నియమం నియమమే. కానీ ఎవరి డబ్బాలోనైనా ఒకటి లేకపోతే, హెడ్మాస్టరుగారి భార్య రెండు గిన్నెలు పట్టుకుని వెనకే వచ్చి ఆ లోటు పూడ్చేది. మీ అమ్మ ఎందుకు పెట్టలేదనే ప్రశ్న లేదు.

బామ్మలు ఒప్పుకోరని నాకు తెలుసు. అయిదేళ్ళదాకా ముద్దు చెయ్యి, తరవాత పదేళ్ళు దండించు, పదహారో ఏట స్నేహితుడిలా చూడు అని పాత సుభాషితం ఉండనే ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అనే సామెతా ఉంది. ఆ సామెతని మనం కర్ర వైపునుంచే చదువుతాం. మొక్కని వంచేవాళ్ళు దాన్ని కొట్టరు. ఊతకర్ర పాతి, మెత్తని తాడుతో వదులుగా కట్టి, రోజూ నీళ్ళు పోస్తారు. ఇహ సుభాషితం సంగతి. మధ్యలో పదేళ్ళు కొట్టిన చెయ్యి పదహారో ఏట భుజం మీద వేస్తే, ఆ కుర్రాడు ఉలిక్కిపడకుండా ఉంటాడా? స్నేహం ముహూర్తం పెట్టి మొదలెట్టేది కాదు గదా.

"మాకూ చిన్నప్పుడు తగిలాయి, మేం బాగుపళ్ళేదూ?" అనే వాదన ఇంకోటి. బాగుపడ్డాం, కాదనను. దెబ్బల వల్ల బాగుపడ్డామో, దెబ్బలు తిన్నా బాగుపడ్డామో ఎవరు తేల్చారు? ఆనాటి బాగులో అత్తయ్య ఒడి, తాతయ్య అడ్డుపడ్డం, పెరట్లో జామచెట్టు కూడా ఉన్నాయి. ఇవాళ రెండు గదుల ఫ్లాటులో కొట్టే మనిషీ ఒక్కరే, ఓదార్చే మనిషీ ఒక్కరే.

చెప్పిందే చెప్పినా వినదని కదూ మన అసలు బాధ? తొత్తోచాన్ కూడా వినలేదు. దారిలో పరిచిన కాయితం కనిపిస్తే ఎగిరి దూకింది. అడుగున మూత తీసిన మురికిగుంట. గుండెలదాకా దిగబడింది. ఇంకెప్పుడూ చూడకుండా దూకకు అని అమ్మ చెప్పింది. కొన్నాళ్ళకి ఇసక గుట్ట అనుకుని మళ్ళీ దూకింది. అది గోడకి పూసే పచ్చి బురద. తల్లి వచ్చి లాగేదాకా అందులో విగ్రహంలా నించుంది. ఇది పొగరా? కాదు. తెలిసిన మాటని సమయానికి గుర్తు తెచ్చుకుని, ఒంటిని ఆపుకునే శక్తి మెదడులో అన్నిటికన్నా ఆలస్యంగా తయారవుతుంది. పాతికేళ్ళ వయసు దాకా ఆ పని సాగుతూనే ఉంటుందని ఇవాళ్టి శాస్త్రం. ఆరేళ్ళ పిల్లకి మాట తెలుసు, బ్రేకు లేదు. బ్రేకు అరువివ్వాల్సింది మనం. పదిసార్లు చెప్పడమంటే తొమ్మిదిసార్లు ఓడిపోయినట్టు కాదు.

ఇంత మెచ్చుకున్నాక పుస్తకంలో లోపాలు కూడా చెప్పుకోవాలి. లేకపోతే అది భజన అవుతుంది. ఇందులో అమ్మ ఎప్పుడూ అలిసిపోదు. విసుక్కోదు. చీలికలైన గౌన్లు ఎన్ని కుట్టిందో, ఎన్నిసార్లు నూతిలో దూకుదామనిపించిందో మనకి తెలీదు. కారణం ఉంది. ఈ కథంతా మూడడుగుల ఎత్తునుంచి చూసి రాసింది. పైన ఉన్న మొహం వెలుగులోనే కనిపిస్తుంది. ఆ ఎత్తే పుస్తకానికి ప్రాణం. చిన్న చిన్న అధ్యాయాలు, ఎక్కడా ఉపన్యాసం లేదు. కానీ తల్లులు చదివేటప్పుడు ఆ ఎత్తే అన్యాయం కూడా చేస్తుంది. ఇలాంటి దేవత నేను కాలేను అని మనం మొదటి పేజీల్లోనే తప్పుకోవడానికి వీలిస్తుంది. ఆ తల్లి చో కురోయానగి తన కథ తను వేరే రాసుకుంది. 1987లో దాన్ని జపాను టీవీలో ధారావాహికగా తీశారు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటేగాని ఆ ఇల్లు పూర్తిగా తెలీదు.

తండ్రి కూడా పలచగానే కనిపిస్తాడు. ఆయన వాయులీన విద్వాంసుడు. కలిగిన ఇల్లు. గౌను చిరిగితే ఇంకో గౌను ఉంది. ఒక్క గౌనే ఉన్న ఇంట్లో తల్లికి ఆ ఓర్పు ఎంత ఖరీదో ఈ పుస్తకం అడగదు. మొదటి బడి టీచరుని కూడా కాస్త తొందరగా వదిలేసింది. తరగతి నిండా పిల్లలతో ఒంటరిగా వేగే ఆవిడ గోడు ఏ తల్లికైనా తెలుస్తుంది.

ఆ లోటుని కొంత తీర్చే ఘట్టం ఒకటుంది. తకహాషి అని పొట్టిగా ఉండిపోయిన కుర్రాడు. ఎదగడని డాక్టర్లు తేల్చేశారు. పాఠం చెబుతూ టీచరు సరదాకి, నీకు తోక ఉందా అని వాణ్ణి అడిగింది. కొబయాషికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ సంతపరిచే మనిషి కోప్పడగా తొత్తోచాన్ వినడం అదే మొదలు. కానీ ఎక్కడ కోప్పడ్డాడు? టీచర్ల గదిలో కాదు, వంటింట్లో. పదిమందిలో ఆవిడ పరువు పోకుండా. కోపం ఉండకూడదని ఈ పుస్తకం అనలేదు. దానికి ఒక గది ఉండాలంది. పెద్దవాళ్ళ పరువు సంగతి అంత బాగా తెలిసిన మనం, పిల్లల్ని మాత్రం హాల్లో, చుట్టాల మధ్య, టీవీ సీరియల్ విరామంలో కోప్పడతాం!

తెలుగువాళ్ళకి ఈ చూపు కొత్తదేం కాదు. 1956 ప్రాంతాల్లో ముళ్ళపూడి వెంకటరమణగారు ‘బుడుగు’ని ఆంధ్ర వారపత్రికలో ఇదే ఎత్తులో నించోబెట్టారు. బాపుగారు బొమ్మ గీశారు. పెద్దవాళ్ళ కోపాల్లో ఎంత తర్కం తక్కువో ఆ చిచ్చులపిడుగు ఆనాడే బయటపెట్టాడు. మనం పడీపడీ నవ్వాం. తరవాత తొత్తోచాన్ వస్తే ఏడ్చాం. నవ్వుకీ ఏడుపుకీ మధ్యలో మన చెయ్యి మాత్రం తన పని తను చేసుకుపోతూనే ఉంది.

మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం బళ్ళో పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కూడా కొట్టకూడదంది. తొత్తోచాన్ పుట్టిన జపాను ఆ మాట చట్టంలో రాసుకోవడానికి 2020 దాకా పట్టింది. అంత గొప్ప పుస్తకం ఇంటింటా ఉన్న దేశానికే అన్నేళ్ళు పట్టిందంటే, చదవడం వేరు, మారడం వేరు అని తెలుస్తూనే ఉంది. విద్యాహక్కు చట్టం బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. ఇంటి గుమ్మం లోపల చట్టమూ, కోర్టూ, అప్పీలూ అన్నీ మనమే.

అంచేత రైలుపెట్టెలు దొరకలేదని బెంగ వద్దు. ఈసారి పుస్తకం తీసినప్పుడు ఆ అమ్మ ఉన్న పేజీలు మాత్రం మళ్ళీ చదవండి. ఆవిడ చేసినవి చాలా చిన్న పనులు. ఒక మాట దాచింది. ఒక అబద్ధాన్ని నిలదియ్యలేదు. ఒకటికి రెండుసార్లు బురద కడిగింది. ఇరవయ్యేళ్ళు దాటాక కూతురికి ఆ దాచిన మాట తెలిసింది. బళ్ళోంచి పంపేసిన అవమానంగా కాక, అమ్మ తన కోసం ఇన్నాళ్ళు మోసిన బరువుగా తెలిసింది. మన పిల్లలకీ ఏదో ఒకనాటికి ఇరవయ్యేళ్ళు వస్తాయి. అప్పుడు వాళ్ళు మన గురించి ఏం తెలుసుకుంటారన్నది మాత్రం ఇవాళ మన చేతిలోనే ఉంది.